బీడీ వల్ల కాదు

మా కాలనీలో ఇప్పటికీ ఆయన్ని బీడీ వల్ల పోయిన మనిషనే చెప్పుకుంటారు. అది నిజం కాదు.

తొంభైల మొదట్లో మేమిద్దరం రాయ్‌పూర్ బయట ధర్సీవా దగ్గర ఒక డెయిరీలో పనిచేసేవాళ్ళం. పేడను మూసిన ట్యాంకులో మురగబెట్టి, వచ్చిన గ్యాస్‌తో ఇంజను నడిపి కరెంటు తీసేవారు. ఆయన ఇంజను చూసేవాడు, నేను సెన్సర్లు చూసేవాణ్ణి. పైపులో ఉన్న సెన్సర్ గ్యాస్ ఏపాటి వస్తోందో చూపించేది. ఇంజను గది కప్పు కింద ఉన్న ఇంకో సెన్సర్ గ్యాస్ లీకైతే మోగేది.

ఆయనది కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. రాయ్‌పూర్‌లో రైల్వే వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా వెనక వీధి. ఆ పనిలో చేరేటప్పుడే, బీడీలు మానేస్తానని భార్యకు మాటిచ్చాడు.

విశ్వకర్మ పూజకు రాయ్‌పూర్‌లో ప్రతి యంత్రాన్నీ తుడిచి దండ వేస్తారు. ఇంజను గది సెన్సర్‌ని కూడా నేను కారు పాలిష్‌తో తళతళలాడించాను. అలాంటి పాలిష్ తగిలితే అది పాడైపోతుందని బిగించిన మెకానిక్ ముందే చెప్పాడు. మరిచిపోలేదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆయన గుమ్మం బయట నిలబడి నవ్వాడు.

"పెళ్ళికొడుకుని చేశావు కదరా దీన్ని. బరాత్ ఎప్పుడు?"

"ముందు లడ్డూ తిను అన్నా."

మర్నాడు అలవాటు ప్రకారం లైటర్ గ్యాస్ వదిలి చూశాను. మోగలేదు. తడి ఆరితే మోగుతుందిలే అనుకుని ఆయనకు చెప్పలేదు. చెబితే ఇంజను ఆపాలి. ఎందుకు ఆగిందని అందరూ అడుగుతారు.

ఆ వారంలోనే పైపు జాయింటు వదులై గదిలో గ్యాస్ నిండింది. సెన్సర్ మోగలేదు. ఆయన లోపలికెళ్ళి స్విచ్ వేశాడు. స్విచ్‌లో లేచిన నిప్పురవ్వ చాలింది.

విచారణకు వచ్చినవాళ్ళు ఆయన బీడీ తాగేవాడా అని అడిగారు. ఇదివరకు తాగేవాడన్నాను. మానేశాడని చెప్పలేదు. వాళ్ళూ ఇంకేమీ అడక్కుండా, బీడీ నిప్పే కారణమని రాసుకుని వెళ్ళారు.

ఆయన భార్య నర్సు. కాలిన ఒంటిని ఆమే శుభ్రం చేసింది. కానీ సమాధుల పండుగకు అందరూ కొవ్వొత్తులు పట్టుకెళ్తుంటే తను ఇంట్లోనే ఉండిపోయేది. "నాతో అబద్ధమాడి పోయాడు తమ్ముడూ" అని నాతోనే అనేది. నేను తలూపేవాణ్ణి.

మొన్న ఆదివారం వెళ్ళి అంతా చెప్పాను. ఆమె బియ్యం కడుగుతోంది. నీళ్ళు వంచి, గిన్నె కింద పెట్టింది.

"అయితే మానేశాడన్నమాట," అంది.

"మానేశాడు వదినా."

గిన్నెలో మళ్ళీ నీళ్ళు పోసింది. తలెత్తకుండానే, "ఇక మా గుమ్మం తొక్కకు," అంది.