సార్ చేతికి కుదిరిన హ్యాండిల్

మా డ్రాయింగ్ సార్ పోయిన సంగతి వాళ్ళింట్లోవాళ్ళకంటే ముందు నాకు తెలిసింది. పొద్దున ఏడు కాలేదు. పోచమ్మ మైదాన్‌లో మా సైకిల్ దుకాణం షట్టర్ సగం లేపి, లోపలి బండ్లు ఒక్కొక్కటే బయట పెడుతున్నాను. ఫోన్ మోగింది. ఎవరో ఆటో డ్రైవర్.

"అన్నా, సైకిల్ మీద గీ నంబర్ స్టిక్కరున్నది. ఎనుమాముల రోడ్ల ఒక పెద్దమనిషి పడిపోయిండు. మీ మనిషేనా?"

సైకిల్ ఏ రంగని అడిగాను. చెప్పాడు. హ్యాండిల్ ఎట్లా ఉందని అడిగాను. మనిషి పడిపోయాడంటే హ్యాండిల్ గురించి ఎవరైనా అడుగుతారా? కానీ నా నోట్లోంచి అదే వచ్చింది. "ఎనుకకు వంగున్నదన్నా. పాత సైకిళ్ళకుంటది సూడు, గట్ల" అన్నాడు. సార్ సైకిలే. బండ్లు అట్లాగే వదిలి బయల్దేరాను.

దవాఖానకు చేర్చేసరికే ప్రాణం పోయిందన్నారు. ఇంటికి వెళ్ళి చెప్పాల్సింది నేనే. సార్ భార్యను నేను అమ్మా అనే పిలుస్తాను. ఆమె వాకిట్లో పుదీన కుండీలకు నీళ్ళు పోస్తున్నారు. నా ముఖం చూసి చెంబు కింద పెట్టారు.

"సైకిల్ మీదనా?" అన్నారు.

"అవునమ్మా."

మూడు నెలలైంది. సార్‌ను ఎరిగినవాళ్ళు ఈ ఊళ్ళో వందలమంది ఉన్నారు. వాళ్ళు సార్ వేసిన బొమ్మల గురించి చెబుతారు. నేను చెప్పాల్సింది ఒక హ్యాండిల్ గురించి. అది చెప్పకుండా సార్‌ను తలుచుకోవడం నాకు చేతకావడం లేదు.

సర్కారు బడిలో ఆరు నుంచి పది దాకా సార్ మాకు బొమ్మలు నేర్పారు. నాకు గీత నిటారుగా వచ్చేది కాదు. ఒకరోజు కుండ బొమ్మ గీస్తూ, పక్కకు ఒరిగిపోయిందని నా చెయ్యిని నేనే తిట్టుకుంటుంటే సార్ వెనక నిలబడి విన్నారు. "గీత వంకర పోతే చెయ్యిని తిట్టకురా. నువ్వు కూసున్న తీరు చూసుకో" అన్నారు. బెంచీ మీద నన్ను జరిపి, భుజాలు సరిచేసి, మళ్ళీ గీయమన్నారు. కుండ కుదిరింది. తర్వాత మా నాన్న దుకాణంలోకి వచ్చి పడ్డాక నాకు అన్నం పెట్టిన మాట అదే. మెడ నొప్పి, మణికట్టు నొప్పి, వేళ్ళ తిమ్మిరి అంటూ వచ్చేవాళ్ళను నేను ముందుగా సైకిల్ ఎక్కించి, కూర్చున్న తీరు చూస్తాను. నూటికి తొంభైమందికి జబ్బు చేతిలో ఉండదు. హ్యాండిల్ కిందికో దూరానికో ఉంటుంది, ఒంటి బరువంతా అరచేతుల మీద పడుతుంది.

రిటైరైన కొన్నేళ్ళకు సార్‌కు పక్షవాతం వచ్చింది. కుడి పక్క. కాలు మెల్లగా దారికొచ్చింది గానీ చెయ్యి రాలేదు. పిడికిలి బిగిసేది, వదులయ్యేది కాదు. కుంచె పట్టడం ఆగిపోయింది. ఆయన దవాఖానలో ఉండగానే అమ్మ సార్ పాత నల్ల సైకిల్‌ను పరకాలలో ఎవరో చుట్టాలకు ఇచ్చేశారు. కళ్ళముందు ఉంటే ఎక్కుతారని ఆమె భయం.

ఏడాది తర్వాత సార్ ఒక మధ్యాహ్నం కాళ్ళీడ్చుకుంటూ దుకాణానికి వచ్చారు. ఇంజనీరింగ్ చదువు అయిపోయి ఊరు వెళ్ళిపోతూ ఒకమ్మాయి నాకమ్మిన ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ గోడకు ఆనించి ఉంది. గేర్లు లేవు, మడ్‌గార్డులు లేవు, సన్నటి బూడిద రంగు ఫ్రేమ్. సార్ దాన్ని చాలాసేపు చూశారు.

"గిది సైకిల్ కాదురా, సైకిల్ బొమ్మ. ఒక్క గీత గూడ ఎక్కువ లేదు. నాకిస్తవా?"

"సార్, దీని పెడల్ ఆగదు సార్. చక్రం తిరిగినంతసేపు కాలు తిరగాల్సిందే."

"అయితే మార్చు. ఆగేతట్టు జెయ్యి."

కాలు ఆపినా చక్రం తిరిగేట్టు వెనక చక్రానికి మామూలు ఫ్రీవీల్ వేస్తానన్నాను. హ్యాండిల్ మాత్రం కర్రముక్కలా పొట్టిగా, నేరుగా ఉంది. దాన్ని సార్ పట్టుకోలేకపోయారు. చూద్దాం సార్ అని పంపించాను.

రెండు రోజులకు అమ్మ వచ్చారు. మంచినీళ్ళిస్తే తాగలేదు.

"బిడ్డా, నేను చెప్తె ఆయన ఇంటలేడు. నువ్వు చెప్తె ఇంటడు. ఆయన చేతికి సరిపొయ్యే హ్యాండిల్ దొరుకతలేదని చెప్పు. అబద్ధమే. కని చెప్పు. రోడ్డు మీద లారీలెట్ల పోతానయో నువ్వు చూస్తలేవా?"

"సరే అమ్మా, చెప్త" అన్నాను.

"మాటియ్యి."

గ్రీజు చెయ్యి గుడ్డకు తుడుచుకుని, ఆమె చేతిలో వేశాను.

మర్నాడు సార్ వచ్చారు. మాటిచ్చినట్టే చెప్పాను. "మీ చేతికి సరిపొయ్యేది రాదు సార్." సార్ తల పైకెత్తారు. మా దుకాణం కప్పు నిండా హ్యాండిళ్ళు వేలాడుతుంటాయి.

"ఇవన్నీ పెట్టి చూసినవా?"

"లేదు సార్."

"నాకు కుండ రాదు సార్ అని నువ్వంటె, గీయకముందే ఒప్పుకున్ననారా నేను?"

సరే, పెట్టి చూపిద్దాం, కుదరకపోతే ఆయనే వదిలేస్తారు, అమ్మకిచ్చిన మాటా నిలుస్తుంది అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

ముందు ఉన్న నేరు హ్యాండిల్‌నే కాస్త ఎత్తు చేశాను. అరచెయ్యి బోర్లా పెట్టాల్సి రావడంతో సార్ మణికట్టు వణికిపోయింది. తర్వాత కొమ్ముల్లా పైకి లేచే పొడవైనది పెట్టాను. మోచేతులు రెక్కల్లా బయటికి వెళ్ళాయి, మలుపు తిప్పగానే కుడి చెయ్యి జారిపోయింది. మూడోది వెనక్కి వంగిందే గానీ ఇరుకు. తిప్పితే మోకాలికి తగిలింది. మూడూ కుదరలేదు. లోపల నాకు హాయిగా అనిపించింది. అక్కడ ఆగాల్సింది.

సార్ తన జేబులోంచి రెండు పెన్సిళ్ళు తీశారు. చెయ్యి పడిపోయినా జేబులో పెన్సిళ్ళు మాత్రం మానలేదు. "ఒక్కో పిడికిట్ల ఒక్కోటి పెట్టు" అన్నారు. పెట్టాను. సార్ సైకిల్ సీటు మీద కూర్చుని కళ్ళు మూసుకున్నారు. రెండు చేతులూ ఒకసారి ఒళ్ళోకి వదిలేసి, మళ్ళీ మెల్లగా ముందుకు చాపారు, ఏమీ ఆలోచించకుండా.

"ఇప్పుడు పెన్సిళ్ళు ఎటు దిక్కు చూస్తానయో చూడు. చెయ్యి తనంతట తాను అడిగేది గదే."

పెన్సిళ్ళు అడ్డంగా లేవు. కొనలు లోపలికి, ముందుకు తిరిగి ఉన్నాయి. ఇంటి కప్పు వాలినట్టు. ఇరవై ఏళ్ళుగా హ్యాండిళ్ళు బిగిస్తున్నవాణ్ణి, అంత తేలిక సంగతి నాకు తోచలేదు. ఆ క్షణం నుంచి నాకు అమ్మ గుర్తులేరు. ఉన్నమాట రాస్తున్నాను. ఆ వాలుకు సరిపోయే వంపు వెతకడం తప్ప ఇంకేదీ గుర్తులేదు. మా నాన్న అద్దె సైకిళ్ళు నడిపిన కాలం నాటి హ్యాండిల్ ఒకటి అటక మీద దొరికింది. వెనక్కి వంగింది, వెడల్పు సార్ భుజాలంత. తుప్పు గీకి, బిగించి, సీటుకంటే నాలుగు వేళ్ళు ఎత్తు లేపాను. నడుము నిటారుగా వచ్చింది, అరచేతుల మీద బరువు తగ్గింది. రెండు బ్రేకులూ ఎడమచేతి కిందికే తెచ్చాను. రెండు పిడులకూ మెత్తటి రబ్బరు తొడిగాను.

సార్ సందు చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చారు. దిగలేదు. ఒక కాలు నేలకు ఆనించి నన్నే చూశారు.

"చెయ్యి ఉన్నదనే మర్చిపోయినరా" అన్నారు.

ఆ సాయంత్రం అమ్మ రోడ్డుకు అవతల నిలబడి కనిపించారు. ఇటు దాటి రాలేదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండేళ్ళు దుకాణం ముందు నుంచి పోయినా నాతో మాట్లాడలేదు.

ఆ రెండేళ్ళూ సార్ రోజూ పొద్దున ఆరున్నరకు మా షట్టర్ ముందు నుంచి పోయేవారు. చెయ్యి ఎత్తడం కుదరదు గనుక గడ్డం పైకెత్తేవారు, అదే నమస్తే. కాశిబుగ్గ మీదుగా మార్కెట్ యార్డు దాకా వెళ్ళి తిరిగి వచ్చేవారు. మిర్చి సీజన్‌లో ఆ ఘాటుకు తుమ్ముతూ వచ్చి, దుకాణంలో కూర్చుని నీళ్ళు తాగేవారు. ఒకసారి ఒక కాలేజీ అమ్మాయి చిటికెన వేళ్ళు మొద్దుబారుతున్నాయని వచ్చింది. ఆమె సైకిల్ హ్యాండిల్ రెండు జానల వెడల్పు కూడా లేదు. "చూసెటందుకు బాగుంటది గద సార్" అంది. సార్ ఆమె పిడికిళ్ళలో పెన్సిళ్ళు పెట్టారు. "చూసెటోళ్ళు ఒక్క నిమిషం చూస్తరమ్మా. నడిపేది నువ్వు" అన్నారు. ఆ పెన్సిళ్ళ పరీక్ష ఇప్పుడు నా దుకాణంలో అందరికీ చేస్తాను. చేసిన ప్రతిసారీ ఎదుటివాళ్ళు కళ్ళు మూసుకుంటారు. నాకు వేరే ముఖం కనిపిస్తుంది.

సార్ పోయాక ఎలా పోయారో తెలుసుకోవాలని ఎనుమాముల రోడ్డుకు వెళ్ళాను. ఆటో డ్రైవర్ చెప్పింది ఒకటి. "ఎదురుంగ లారొచ్చింది, ముసలాయన హ్యాండిల్ అటిటు ఊగింది, పడ్డడు." అక్కడే ఆకుకూరలమ్మే ఆమె చెప్పింది ఇంకొకటి. "పడలే కొడుకా. ఆయనే ఆగిండు. సైకిల్‌ను చెట్టుకు ఆనిచ్చి, దాని సుట్టున్న కట్ట మీద కూసొని ఒరిగిండు. సైకిల్ తర్వాత పడ్డది." ఇద్దరూ కళ్ళారా చూశామనే అంటారు. నాలుగుసార్లు వెళ్ళి అడిగాను. నాలుగోసారి ఆమె, "నీకేది కావాల్నో అది చెప్తె పోతవా?" అంది. మళ్ళీ వెళ్ళలేదు.

పెద్దకర్మ అయ్యాక సార్ ఇంటికి వెళ్ళాను. అమ్మ కుర్చీ వేశారు. తల దించుకుని తప్పైందని చెప్పాను.

"ఆయన పోయినందుకు నీ మీద కోపం లేదు బిడ్డా. మంచం మీదున్నా పోయేటోడేనని డాక్టర్ చెప్పిండు. కని నువ్వు నాకు మాటిచ్చినవు. అది యాదికొస్తాంది." వాకిలి వైపు చూశారు. "రెండేండ్లు పొద్దున నవ్వుకుంట ఇంట్లకొచ్చిండు. గదీ నువ్విచ్చిందే. రెండిటిని ఏడ పెట్టుకోవాల్నో నాకు తెలుస్తలేదు."

నాకూ తెలియలేదు. ఆమె సైకిల్ తీసుకుపొమ్మన్నారు.

దుకాణానికి తెచ్చి, రబ్బరు పిడులు ఊడదీశాను. ఎడమది కొత్తదానిలాగే ఉంది. కుడిది లోపలి దాకా అరిగి, మెలితిరిగిపోయింది. ఇనుము కనిపిస్తోంది. వదులైన చెయ్యి పట్టిన పిడి కాదది. పళ్ళ బిగువున పట్టిన పిడి. చెయ్యి ఉన్నదనే మర్చిపోయానని సార్ నాకు చెప్పింది ఆ ఒక్కరోజు నిజమో, రోజూ నిజమో, లేక నా ముఖం చూసి చెప్పిన మాటో తెలియదు. నాకు ఏ నొప్పీ చెప్పలేదాయన. నేనూ అడగలేదు.

పది రోజుల కింద పొద్దున అమ్మ దుకాణం ముందు ఆగారు. కాళ్ళకు తెల్లటి కొత్త బూట్లు, లేసులు రెండు ముళ్ళు వేసి ఉన్నాయి. చేతిలో ఏమీ లేదు.

"ఈడికెల్లి ఎటు మలిగేది ఆయన?"

"ఎడమకమ్మా. కాశిబుగ్గ దిక్కు."

"రోడ్డుకు ఏ పక్కకెల్లి పోయేది?"

చూపించాను. తోడు రానా అని అడిగాను. వద్దన్నట్టు తల ఊపారు. మలుపు దగ్గర బస్సొకటి ఆగి జనాన్ని దింపుతోంది. ఆమె దాని వెనక, దుమ్ములో, అది కదిలేదాకా నిలబడ్డారు. తర్వాత నేను చూపించిన పక్కనే, రోడ్డు అంచున, ఒక్కొక్క అడుగూ చూసి వేసుకుంటూ ఎడమకు తిరిగారు.