అట్ట మీది అవ్వ

డెట్రాయిట్‌లో ఇరవై రెండేళ్లు సిటీ బస్సు నడిపి, ఇప్పుడు సొంతంగా పుస్తకాలు అచ్చువేస్తున్న ఒడెస్సా ట్రిబుల్ ఇంకా డ్రైవరులాగే నిటారుగా కూర్చుంటుంది. ఏ రాతప్రతి వచ్చినా స్నేహితురాలు వెర్లీన్ నడిపే సెలూన్‌కి పట్టుకెళ్లి, జడలు అల్లించుకుంటున్న ఆడవాళ్లకు పైకి చదువుతుంది. వాళ్లు కబుర్లు ఆపితేనే అది అచ్చుకి వెళుతుంది. అలా వెళ్లిన ఒక నవల అట్ట మీద నల్లజాతి అవ్వ ముఖం వేయించింది. దుకాణాలకు పుస్తకాలు సరఫరా చేసే పెద్దమనిషి సెలూన్‌కే వచ్చి, "ఆ ముఖం తీసేసి ఏ పువ్వో వేయండమ్మా, అందరూ కొంటారు. లేకపోతే నేను తీసుకోను," అన్నాడు.

"పువ్వులు కావాలంటే పూలకొట్టుకి పొమ్మనవే, ఒడెస్సా!" అని వెర్లీన్ దువ్వెన ఝళిపించింది.

ఒడెస్సా తాపీగా కళ్లజోడు తుడుచుకుంది. "నా బస్సు ఎక్కనివాళ్ల కోసం నేనెప్పుడూ దారి మార్చలేదు నాయనా."

రెండో ముద్రణలో అవ్వ ముఖం అట్ట అంచుల దాకా పెరిగింది. చోటు చాలక నవల పేరే వెనకట్టకి పోయింది.