ముందు కాపీ తియ్యప్పా

పోయిన నెల ఒక పొద్దున బత్తలపల్లె నుంచి మా మేడమ్ వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి, "అక్క పోయిందన్నా" అన్నాడు. ఆసుపత్రి నుంచి రేపోమాపో వచ్చేస్తారనుకున్న మనిషి.

ఉరవకొండ దగ్గర మా రైతుల సంఘంలో వేరుశనగ విత్తనాల పంపిణీ అంతా కంప్యూటర్ మీదే. ఆ డేటాబేస్‌కు ఆమే దిక్కు. నేను ఆమె దగ్గరే పని నేర్చుకున్నాను. సర్వర్ మీద దుమ్మును పాత చీర ముక్కతో తనే తుడిచేవారు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఏదో ఒక ఎర్రర్ పలకరించేది. మా చేతులు ఊరుకునేవి కావు. ఆమె మాత్రం, "దేన్నీ తాకొద్దు. ముందు కాపీ తియ్యప్పా" అనేవారు. కాపీ తీసి, డిస్కు బాగుందో లేదో చూసి, ఆ తర్వాతే మరమ్మతు. ఆ నిదానానికి మాకు ఒళ్లు మండేది.

ఒక ఏడాది సరిగ్గా తొలకరి పడ్డాక, పేర్లను చప్పున వెతికిపెట్టే ఇండెక్స్ పాడైంది. పేరు కొడితే రైతు దొరకడు. బెళుగుప్ప నుంచి వచ్చిన ఒక అవ్వ కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చింది. "పదును ఆరిపోతాండాది నాయనా, ఇత్తనం ఇయ్యకపోతే ఈ ఏడు చేను బీడే" అంది. మావాళ్లు జాలిపడి ఆమె పేరునూ, దొరకని మిగతా పేర్లనూ కొత్తగా ఎక్కించేశారు. పాత పేర్లు లోపల భద్రంగానే ఉన్నాయి. బాగున్న ఇండెక్స్ అయితే ఒకే రైతును రెండోసారి రానిచ్చేది కాదు. చెడింది కాబట్టి ఊరుకుంది. తీరా కొత్త ఇండెక్స్ కట్టబోతే ఒక్కో రైతు ఇద్దరుగా తేలి, పని ఆగిపోయింది.

మేడమ్ ఎవరినీ తిట్టలేదు. ఎండలో వరుస దగ్గరికి వెళ్లి, "మీ పేర్లు యాడికీ పోలేదు, ఈడనే ఉండాయి. ఎతికే దారి చెడింది, అంతే. ఇత్తనం తీసుకోకుండా ఎవరూ పోవద్దండి" అని చెప్పారు. రెండుగా పడిన ప్రతి రైతునూ పిలిచి, అడిగి, సరైనది ఉంచి రెండోది తీయించారు. సాయంత్రానికి అవ్వ మూట తలకెత్తుకుంది. "జాలి మంచిదే గానీ, దాన్ని పేర్ల టేబుల్లో ఎక్కిచ్చొద్దప్పా" అని మేడమ్ మమ్మల్ని చూసి నవ్వారు.

ఆమె లేని ఆ గదిలో కూర్చోవడం నాకు చాలా కష్టంగా ఉంది. మొన్న విత్తనాలు ఇస్తుండగా డిస్కు ఎర్రర్ వచ్చింది. కాపీ పెట్టి, వరుస దగ్గరికి నేనే వెళ్లాను. ఆమె చెప్పిన మాటలే చెప్పబోయాను. ముందున్న పెద్దాయన, "మేడమ్ రాలేదేమప్పా?" అన్నాడు. చెప్పాను.

ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. వెనకవాళ్లు ఏమైందని అడిగారు. విన్నవాళ్లు విన్నట్టే తలగుడ్డలు తీసేశారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, వరుస చివరిదాకా ఒక్క తల మీదా గుడ్డ లేదు.