కత్తిపీటకు ఎదురుగా మా వదిన

మబ్బు పట్టింది, ఎండబెట్టిన చేపల మీద టార్పాలిన్ పట్టా కప్పాలి. నేను ఇంట్లోకి వెళ్లింది అందుకే. పట్టా పక్కనే సగం తోమిన తపేలా కనబడింది. దాన్ని తోముతూ కూర్చున్నాను. వాన చప్పుడు వినబడేదాకా పట్టా సంగతే గుర్తు రాలేదు. ఆరేసిన కానాగంత చేపలన్నీ తడిసి ముద్దయ్యాయి.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. నేనూ, మా ఆయన అక్క అప్పలమ్మ వదినా జతగా ఉప్పుచేపలు చేస్తాం. ఆ రోజు వదిన తిట్టలేదు. "ఇంకోపాలి ఇలాగైతే నేను యేరే జత సూసుకుంటానే" అంది. తిట్టినా బాగుండేది. ఆ జత పోతే నాకు పనీ లేదు, తోడూ లేదు.

ఈ మతిమరుపుకు శ్రీకాకుళంలో డాక్టరుకు చూపించుకున్నాను. థైరాయిడ్, షుగర్, అన్నీ నార్మల్. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లమంటే నాకేం పిచ్చా అని ఏడ్చాను. చివరికి వెళ్తే, అక్కడి డాక్టరమ్మ చిన్నప్పటి సంగతులు అడిగారు. వెంట వచ్చిన మా అమ్మ "పలక ఇంటికాడ ఒగ్గేసి బడికెల్లేదండి, సెప్పులు బళ్లో ఒగ్గేసి ఇంటికొచ్చేదండి" అంది.

"ఇది బద్ధకం కాదమ్మా, అడల్ట్ ఏడీహెచ్‌డీ. ధ్యాస ఒకచోట నిలవని సమస్య" అన్నారు డాక్టరమ్మ. ఇన్నేళ్లూ పడ్డ తిట్లన్నీ ఆ ఒక్క మాటతో దిగిపోయినట్టు అనిపించింది.

మందులతో పాటు ఫోన్‌లో ఆన్‌లైన్ ప్రోగ్రాం ఇచ్చారు. తెలుగు వీడియో పాఠాలు, ఒక్కోదానికీ ఒక చిన్న పని. మొదటి రోజు పాఠాల మీద పాఠాలు విన్నాను. అంతా ఆరంభ శూరత్వమే. ఆ తర్వాత ఫోన్ గుర్తుచేయడం, నేను నొక్కి ఆపేయడం. చివరికి సిగ్గేసి యాప్ తీసేశాను. మతిమరుపు మనిషిని మరవకుండా పాఠం వినమంటే ఎలా అని ఒళ్లు మండింది కూడా.

రివ్యూలో డాక్టరమ్మ కోప్పడలేదు. "పాఠం కష్టమా, కూర్చోవడం కష్టమా?"

"కూర్చోవడమేనండి."

"మీరు లేవకుండా కూర్చునే చోటు ఒక్కటైనా ఉందా?"

ఉంది. కత్తిపీట దగ్గర. వదిన చేప చీల్చి ఇస్తుంది, ఎదురుగా కూర్చుని నేను ఉప్పు పట్టిస్తాను. ఒకరు లేస్తే రెండోవారి చెయ్యి ఆగిపోతుంది. అందుకే నేను కదిలితే చాలు, "ఏటే, ఎక్కడికి?" అంటుంది వదిన.

మళ్లీ యాప్ వేయించుకుని, బోర్లించిన బుట్ట మీద ఫోన్ పెట్టాను. "నాకేటి అర్థమవతాది" అని సణిగిన వదినే కాసేపటికి, "ఓలమ్మ, మనింట్లో దూరి సూసినట్టు సెప్తన్నాదేటే!" అంది. పాఠం అయ్యాక "పనేటి ఇచ్చినాది? సేసినావా?" అని ఆవిడే అడిగేది. సర్కారు సముద్రంలో వేట ఆపేసిన నెలల్లో చేపల్లేక పాఠమూ ఆగింది. అప్పుడు వదిన చింతపండు బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "పిక్కలు తీద్దాం, పెట్టు నీ పాఠం."

అలా అన్నీ పూర్తయ్యాయి. ఇప్పటికీ మరిచిపోతూనే ఉంటాను, కాకపోతే తక్కువ. పట్టా కోసం వెళ్తే "పట్టా, పట్టా" అని పైకి అంటూ వెళ్తాను. ప్రోగ్రాం నేర్పిందే అది. ఇరుగుపొరుగు నవ్వితే నవ్వనీ.

నాలాంటివాళ్లకు ఒక్కటే చెబుతాను. పాఠం ముందు ఒంటరిగా కూర్చోకండి. ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. వాళ్లకు పాఠం అర్థం కానక్కర్లేదు, మీరు లేస్తే ఎక్కడికని అడిగితే చాలు.

మొన్న వదిన చేపలన్నీ నా మీద వదిలి, చీపురుపల్లిలో కూతురింటికి వెళ్లింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"ఇక్కడ మబ్బేసినాదే. అక్కడో?"

"కప్పీసినాను వదినా."

"మరింకేటి" అని పెట్టేసింది.