చెన్నూరు లిడియా మైకు

చెన్నూరులో లిడియా వార్తలు వినని ఇళ్లు తక్కువ. మూతపడిన నెట్ సెంటర్ నుంచి కొన్న పాత కంప్యూటరు, దాని వెనక గుచ్చే చవకరకం యూఎస్‌బీ మైకు, ఇవే ఆమె స్టూడియో. బల్ల అదిరిన చప్పుడు పడకుండా మైకు కింద తువ్వాలు మడిచి పెట్టేది. ఎంత ఉక్కగా ఉన్నా రికార్డింగప్పుడు ఫ్యాను ఆపేసేది. చెమటలు కారుతుంటే మోరీల గురించి, పింఛన్ల గురించి చెప్పి యూట్యూబులో పెట్టేది.

ఆ ఎండాకాలం గోదావరి ఇసుక తోలే ట్రాక్టరు ఒకటి, బీడీలు చుట్టే కనకవ్వను తొక్కేసింది. నడుము నుజ్జయి రోడ్డు మీదే ప్రాణం పోయింది. తనంతట తానే కింద పడిందని ట్రాక్టరు యజమాని హనుమండ్లు ఊరంతా చెప్పించాడు. లిడియా ఆ వాడకు పోయి, చూసినవాళ్లను అడిగి వచ్చి మైకు ముందు కూర్చుంది.

"ట్రాక్టరు హనుమండ్లుది. నడిపినోడు తాగి ఉన్నడు. కనకవ్వ పడలే, తొక్కి సంపిన్రు."

మర్నాడు పొద్దున ఆమె మళ్లీ రికార్డు చేస్తుండగా హనుమండ్లు ఇద్దరు మనుషులతో ఆమె ఇంట్లోకి వచ్చాడు.

"నా పేరు తీస్తవానే? ఇప్పుడు తియ్యి!"

మానిటర్‌ను కాలితో తన్నాడు. మైకు వైరు పీకి ఆమె మెడకు చుట్టి మెలిపెట్టాడు. ఒకడు ఆమె కాళ్లు అదిమి పట్టుకున్నాడు. ఇంకొకడు దవడ మీద పిడికిలితో గుద్దాడు. పళ్లు విరిగి నోరు నెత్తురుతో నిండింది. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి.

వంటింట్లోంచి తల్లి మగ్దలేనమ్మ రోకలి పట్టుకుని ఉరికొచ్చింది.

"నా బిడ్డను ఇడువురా!"

మొదటి దెబ్బకు హనుమండ్లు మణికట్టు విరిగింది. రెండో దెబ్బకు తల పగిలి కూలబడ్డాడు. అది చూసి మిగతా ఇద్దరూ పారిపోయారు. మగ్దలేనమ్మ మళ్లీ రోకలి ఎత్తింది. గొంతు పెగలక, కింద పడి ఉన్న లిడియా పాక్కుంటూ పోయి తల్లి కాళ్లు చుట్టుకుంది.

"ఇడిసిపెట్టుమంటవా? వీన్నా?"

లిడియా అవునన్నట్టు తల ఊపింది. మగ్దలేనమ్మ రోకలి దించింది.

మంచిర్యాల ఆసుపత్రిలో లిడియా దవడకు తీగలు కట్టారు. వారాల తరబడి జావే తాగింది. పోలీసులు హనుమండ్లు మీదే కాదు, అతని తల పగలగొట్టిందని తల్లి మీద కూడా కేసు పెట్టారు. కనకవ్వ చావుకు సాక్ష్యం చెప్పడానికి వాడకట్టులో ఒక్కరూ రాలేదు.

తీగలు తీశాక అలాంటి మైకే ఇంకొకటి తెచ్చుకుంది. గొంతు బొంగురుపోయింది, సగం మాటలు తడబడ్డాయి. అయినా కనకవ్వ సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అది విన్నాక, అంతవరకు భయంతో నోరు విప్పని కనకవ్వ భర్త బాలమల్లు లిడియా ఇంటికి వచ్చాడు.

"నేను గూడ జూసిన బిడ్డా. ఠాణాకు నువ్వు జర తోడు రా."

ఇద్దరూ కలిసి పోయారు. డ్రైవరు జైలుకు పోయాడు. హనుమండ్లు బెయిలు మీద బయట తిరుగుతున్నాడు. తల్లీకూతుళ్లు ఇప్పటికీ కోర్టు వాయిదాలకు బస్సెక్కి పోతున్నారు.