పదేళ్లలో మొలవాల్సిన జుట్టు

ఆ రోజుల్లో తిరుపతిలో గుండుకున్నంత మర్యాద క్రాపుకు ఉండేది కాదు. అలిపిరిలో బస్సెక్కితే కండక్టరు దర్శనం బాగా జరిగిందా సామీ అని పలకరించేవాడు, హోటల్లో అడగకముందే చట్నీ వడ్డించేవారు. ఆ మర్యాదంతా నాకు ఊరికే దక్కింది. నేను మొక్కుకున్నదేమీ లేదు, ఇరవై ఆరేళ్లకే నా జుట్టు తనంతట తానే వెళ్లిపోయింది. (మా నాయనకు యాభై దాటినా దువ్వెన విరిగేంత జుట్టు. ఆ ఆస్తి మాత్రం నాకు రాసివ్వలేదు.) చెవుల పైన మిగిలిన కాస్తా ఎందుకని, పెండ్లిచూపుల ముందు రోజు దాన్నీ గీయించేశాను. కనీసం శుభ్రంగా కనిపిస్తానని నా లెక్క. లెక్కల్లో నేను తక్కువవాణ్ణి కాదు, జూనియర్ కాలేజీలో నేను చెప్పే పాఠం అదే.

అమ్మాయిది పూతలపట్టు దగ్గర పల్లె. అమ్మా నాయనలతో నేను వాకిట్లో అడుగుపెట్టగానే అమ్మాయి వాళ్ల అవ్వ నా తల చూసి రెండు చేతులూ జోడించింది. కొండ మీద మొక్కు తీర్చుకుని నేరుగా తమ ఇంటికే వచ్చాననుకుని, ఇంతకంటే మంచి శకునం ఉండదని ఇంట్లో అందరికీ చెప్పింది. లడ్డు ఏదని కూడా అడిగింది. మా అమ్మ అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు, కొంగు సర్దుకుంది. అమ్మాయి తండ్రి నన్ను మెచ్చుకోలుగా చూసి, "ఈ కాలంలో ఇంత భక్తి యాడుండాదప్పా. పెండ్లి నాటికి వెంట్రుకలు వచ్చేస్తాయిలే" అన్నాడు. నోరు తెరవొద్దని అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. సరిగ్గా అప్పుడే అమ్మాయి కాఫీ తెచ్చింది. నచ్చింది. చాలా నచ్చింది. అంత నచ్చిన పిల్లకు, పెండ్లి నాటికి మొలవని జుట్టు గురించి తర్వాత ఏమని చెప్పుకోను?

"మామా, ఇది మొక్కు గుండు కాదు. ఊడిపొయ్యింది, మళ్లా రాదు" అన్నాను. (సంబంధం ఖాయం కాకముందే మామా అన్నానని అమ్మ దారి పొడుగునా సాధించింది.) అవ్వ నా తలను మళ్లీ ఒకసారి పరికించి చూసింది. ఆ చూపుకు బెదిరిపోయి, కొద్ది రోజుల ముందు పేపర్లో చదివిందంతా అప్పజెప్పడం మొదలుపెట్టాను. తల వెనక నుంచి నాలుగు వెంట్రుకల కుదుళ్లు తీసి, వాటిలోని కణాలను ప్రయోగశాలలో వేలకు వేలుగా పెంచి, మళ్లీ తలలోకి ఎక్కిస్తారనీ, ఎలుకల మీద ఇప్పటికే వెంట్రుకలు మొలిచాయనీ, మనుషుల దాకా రావడానికి పదేళ్లు చాలనీ చెప్పాను. నల్లబల్ల లేదన్న మాటే గానీ పాఠం బాగానే నడిచింది. ఆయన రైతు కాబట్టి తొందరగానే పట్టుకున్నాడు, నారు పోసి నాటినట్టా అని అడిగాడు. అచ్చం అంతే అన్నాను. "పదేండ్లకొచ్చే నారును నమ్ముకోని ఇప్పుడే మడి దున్నుకోమంటావా?" అన్నాడాయన. మా నాయన తల దించుకున్నాడు. అమ్మ చెప్పుల కోసం చూసింది. సంబంధం చేజారిపోయిందని నాకూ తెలిసిపోయింది.

అప్పుడు తలుపు దగ్గర నుంచి అమ్మాయి అడిగింది. "ఆ ఎలకలకి ముందు బట్టతల ఉండెనా? మామూలు ఎలక్కి ఎట్లైనా వెంట్రుకలు ఉంటాయి గదా." ఆమె డిగ్రీలో జంతుశాస్త్రం చదివిందట. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. తెలియదన్నాను, కనుక్కుని వచ్చి చెబుతానన్నాను. పిలవకుండా పెండ్లికొడుకు మళ్లీ రావడమేమిటని అవ్వ నవ్వింది.

ఆ వారమంతా కాలేజీ అయ్యాక యూనివర్సిటీ లైబ్రరీలో, పక్కన నిఘంటువు పెట్టుకుని, అర్థం కాని పుస్తకాలతో కుస్తీ పట్టాను. ఆదివారం ఇంట్లో చెప్పకుండా పూతలపట్టు బస్సెక్కాను. వాకిట్లో వేరుశనగ కాయలు ఎండబోస్తున్న అమ్మాయి తండ్రి నన్ను చూసి ఎందుకొచ్చావని అడిగాడు. ఎలుకల సంగతి చెప్పడానికి అన్నాను. ఆయన చేతులు దులుపుకుని కూతుర్ని పిలిచాడు. ఆ కాయల మధ్యే నిలబడి చెప్పాను. ఒళ్లంతా నున్నగా, వెంట్రుకలు లేకుండానే పుట్టే ఎలుకల జాతి ఒకటుందనీ, ఇలాంటి ప్రయోగాలకు వాటిని వాడతారనీ. ఆమె చివరిదాకా విని తండ్రి వైపు తిరిగింది.

"తెలీనిది తెలీదన్నాడు. తెలుసుకోనొచ్చి చెప్పినాడు. నాకిష్టమే నాయనా."

ఆ పదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. పేపర్లో ఆ వార్త ఇప్పటికీ వస్తూనే ఉంది, ఇంకొన్నేళ్లు ఆగమనే ఇప్పటికీ అంటున్నారు. నేనూ ప్రతిసారీ చదివి, ప్రతిసారీ ఆశపడతాను. కానీ అంతమంది పెద్దల ముందు నున్నటి తలతో నోరు తెరిచిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే ఇవాళ్టికీ గర్వంగానే ఉంటుంది. వాడికి తల నిండా జుట్టుంటే, ఆ రోజు అందరిలాగే బుద్ధిగా మైసూరుపాకు తిని వచ్చేసేవాడు. ఆ అమ్మాయి, అదే మా ఆవిడ, వాణ్ణి ఎలుకల గురించి అడిగేదే కాదు.