ఎదురింటి లెక్క

దేశంలో మత్తుమందుకు బానిసలైనవాళ్లెందరో అంచనా కట్టడం లెక్కలాయన ఉద్యోగం. ఆయన ఎవరినీ తమ ఇంటి సంగతి అడగడు, పక్కింటి సంగతే అడుగుతాడు. జనం నోట నిజం వచ్చేది అక్కడేనట! వీధికొక్కడు దొరికితే చాలు, కళ్లజోడు తుడుచుకుని దేశమంతటికీ హెచ్చవేసేస్తాడు. మొన్న కొత్త ప్రశ్నల్ని సరిచూసుకుందామని ఎదురింటి పిన్నిగారి గుమ్మమెక్కాడు. "మీకు తెలిసినవాళ్లలో ఎవరైనా ఉన్నారా పిన్నిగారూ?" "లేకేం నాయనా, మీ పెద్దాడే! నిన్న చేతిలో సూదితో మా మెట్లమీద పడుంటే మావారే మోసుకెళ్లి మీ ఇంట్లో పడుకోబెట్టారు. మీ ఆవిడ చెప్పలేదూ?" ఆయన కళ్లజోడు తీశాడు గాని తుడవడం మరిచిపోయాడు. "ఒక్కణ్ణి పట్టుకుని లెక్క కట్టకూడదండీ." "నీ లెక్క తగలెయ్య, ముందు వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లు!" ఆయన బుద్ధిగా తలూపి, మెట్లు దిగి, తన గుమ్మం దాటుకుపోయి, ఆ పక్కింటి తలుపు తట్టాడు.